పొటాషియం బయటికి పోయే దారి

కుప్పం,
8 జులై 2024

మామకు నీలిమ నమస్కారాలు. అత్తకు కూడా చెప్పండి.

ఫోన్ చేస్తే మీరు "ఊఁ", "సరే" అని పెట్టేస్తారు. ఉత్తరానికైతే నిదానంగా జవాబు రాస్తారు. అందుకే రాస్తున్నాను.

మన గీత ఈ మూడు నెలల్లో రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. మొదటిసారి కాలేజీలో, నెత్తిమీదే గంట కొట్టినప్పుడు. రెండోసారి పుంగనూరులో ఇంట్లోనే. పడుకుని ఉంటే వంటింట్లో స్టీలు బిందె జారిపడింది. లేచి కూర్చోబోయి పక్కకు ఒరిగిపోయింది. రెండుసార్లూ నిమిషంలోపే తేరుకుంది. పుంగనూరు డాక్టరు మూర్ఛ అని మాత్రలు రాశాడు.

పోయిన ఆదివారం అది నా దగ్గరికి వస్తే, నేను పనిచేసే మెడికల్ కాలేజీ ల్యాబులో ఈసీజీ తీశాను. మా గుండె డాక్టరు భీమరావు సారు ఆ కాగితం మీద రూళ్లకర్ర పెట్టి ఒకటికి రెండుసార్లు కొలిచారు. తర్వాత అడిగారు: "మీ ఇంట్లో సిన్న వయసులో, ఉన్నట్టుండి పోయినోళ్లు ఎవరన్నా ఉండారామ్మా?"

అమ్మను అడిగాను. "మా అన్న కూతురు ఆదిలక్ష్మి పదారేండ్లకే పోయింది. అది జరమొచ్చి పోయింది కదా, దీనికీ దానికీ ఏం సంబంధం?" అంది. అప్పుడు నాకు పదేళ్లు. నాకేమీ గుర్తులేదు. మామా, మీ ఆదిలక్ష్మి వదిన ఎలా పోయింది? జ్వరానికి ముందు ఎప్పుడైనా పడిందా? మీరు రాసింది నేను వేరేవాళ్లకు చూపించాలి, కాబట్టి తేదీలు గుర్తుంటే అవి కూడా రాయండి.

ఇంకొక సంగతి. నాకు పెద్దతిప్పసముద్రం నుంచి సంబంధం వచ్చింది. నెలాఖరుకు చూడటానికి వస్తారట. ఆ రోజు మీరు ఉండాలని అమ్మ అంటోంది.

మీ జవాబు కోసం చూస్తూ,
నీలిమ

—

మదనపల్లె,
13 జులై 2024

అమ్మా నీలిమా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మేము బాగానే ఉన్నాము. నీళ్లు నాలుగు రోజులకొకసారి వదులుతున్నారు. నేను నీళ్ల వాల్వుల పని నుంచి రిటైరై మూడేళ్లయినా ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వచ్చిందీ రోజూ పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నాను. మీ అత్త చెంగమ్మ, "జీతమిస్తాండారా నీకు, ఇంకా యాల రాస్తావు?" అంటుంది. ముప్పై ఏళ్ల అలవాటు. రాయకపోతే రోజు ముగిసినట్టు ఉండదు. నా స్థానంలో వచ్చినాయన వాల్వును ఒక్క ఊపున తిప్పేస్తాడు. పైపు తట్టుకోదు. నిదానంగా తిప్పమని రెండుసార్లు చెప్పాను.

ఆదిలక్ష్మిది జ్వరమే. మూడు రోజులు మంచంలో ఉంది. అంతకుముందు ఏమీ లేదు. నువ్వు ఎవరికి చూపించాలనుకున్నా ఈ ముక్కే చూపించు. పెద్దతిప్పసముద్రం వాళ్లు నలుగురిలో అడిగినా ఇదే మాట చెబుతాను. గీత పడిన సంగతి వాళ్ల ముందు ఎత్తకండి. చెల్లెలికి మూర్ఛ అంటే అక్కను కూడా అదే కన్నుతో చూస్తారు.

గీత మళ్లీ పడితే కంగారు పడవద్దని మీ అమ్మకు చెప్పు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి, వేళ్లు మూసి గట్టిగా పట్టుకోవాలి. ఇనుము తగిలితే నిమిషంలో లేస్తుంది.

మీ సారు ఆ కాగితం మీద కొలిచింది ఏమిటి? గుండెలో వాల్వులుంటాయని చదివాను. వాటిలో తేడానా? తీరిక ఉంటే రాయి.

ఆశీస్సులతో,
ఉమాపతి

—

కుప్పం,
20 జులై 2024

మామకు, నీలిమ.

మీ ఉత్తరం సారుకు చూపించాను. "జరమైతే అది లెక్కకు రాదులేమ్మా" అన్నారు. గీత ఈసీజీ కూడా గీటు దాటీ దాటనట్టు ఉందట. ఇంట్లో ఇంకొకరికి జరిగి ఉంటే అప్పటికప్పుడే మందు మార్చేవారట. లేదు కాబట్టి ఇంకో రెండు పరీక్షలు చేసి చూద్దామన్నారు. ఆగస్టు రెండో వారంలో తేదీ ఇస్తామన్నారు. అప్పటిదాకా మూర్ఛ మాత్రలే.

పెద్దతిప్పసముద్రం వాళ్లకు చూపించడానికి అడిగానని మీరు అనుకున్నట్టున్నారు. డాక్టరుకు చూపించడానికి అడిగాను మామా.

మీరు అడిగిన సంగతి. ఇవి గుండె వాల్వులు కావు. అంతకన్నా చాలా చిన్నవి, ఒక్కొక్క కణంలో ఉండేవి. కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. పొర లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. పొర వాటిని ఊరికే అటూ ఇటూ పోనివ్వదు. అక్కడక్కడా ప్రోటీన్‌తో ఏర్పడిన సన్నని దారులుంటాయి, ఒక్కో దారికి ఒక తలుపు. గుండె కొట్టుకునేటప్పుడు ముందు సోడియం లోపలికి దూకుతుంది, దాని వెనకే కాల్షియం. కణం ముడుచుకుంటుంది. మళ్లీ వదులై ఇంకో దెబ్బకు సిద్ధం కావాలంటే లోపలి పొటాషియం కొంత బయటికి పోవాలి.

ఆ తలుపు తీసే మనిషి ఎవరూ ఉండరు. పొరకు లోపలా బయటా విద్యుత్తులో తేడా ఉంటుంది. దారి గోడలో విద్యుత్తుకు స్పందించే ముక్క ఒకటుంది. తేడా మారగానే ఆ ముక్క జరుగుతుంది, దానితో పాటు తలుపును లాగుతుంది. పొటాషియం పోతుంది. తేడా మొదటికి వస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఇంకో విచిత్రం, సోడియం కన్నా పొటాషియం పెద్దది. అయినా ఆ దారిలో పొటాషియమే పోతుంది, సోడియం పోదు.

కొందరికి పుట్టుకతోనే ఈ తలుపులు సరిగా తెరుచుకోవు. పొటాషియం ఆలస్యంగా పోతుంది, గుండె తేరుకోవడం ఆలస్యమవుతుంది. సారు రూళ్లకర్రతో కొలిచింది ఆ ఆలస్యాన్నే. తేరుకోకముందే గట్టి శబ్దానికి ఉలిక్కిపడితే, గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతారు. చాలాసార్లు ఆ వణుకు దానంతటదే ఆగుతుంది. చూసేవాళ్లకు మూర్ఛలాగే కనిపిస్తుంది.

గీతకు ఇదంతా చెబితే, "నా గుండెకాయ నిదానంగా పనిచేస్తాందంటే నాకేం ఆశ్చర్యం లేదక్కా, మన ఇంట్లో అందరూ అంతే కదా" అని నవ్వింది.

తాళంచెవుల మాట అమ్మకు చెప్పాను. "అన్న చెప్పినాడంటే సరే" అంది. అది వట్టి నమ్మకమే, పెడితే పోయేదేముందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఒక మాట అడగనా? మీరు పుంగనూరు వచ్చి చాలా ఏళ్లయింది. ఆదిలక్ష్మి వదిన పోయినప్పుడు మేము ఆలస్యంగా వచ్చామని మీ మనసులో ఉందని అమ్మ బాధపడుతుంది. అప్పుడు ఆమె అయిదు నెలల కడుపుతో ఉందట. అది గీతే.

నీలిమ

—

మదనపల్లె,
29 జులై 2024

అమ్మా నీలిమా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తెలియనివి ఇంకో కాగితం మీద రాసుకున్నాను. మీ అమ్మ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆలస్యం మాటే నా మనసులో లేదు. అది ఆమెకు చెప్పు.

మనిషి లేకుండా తెరుచుకుని మూసుకునే వాల్వును నేను చూడలేదు. మా పనిలో గడియారం చూసి మేమే తిప్పాలి. నా అనుమానం వేరే. పెద్దది పట్టే సందులో చిన్నది పట్టకపోవడం ఏమిటి? జల్లెడలో రాయి దిగి ఇసుక ఆగిపోయిందంటే ఎవరు నమ్ముతారు? మీ సారును అడిగి రాయి.

పొటాషియం అరటిపండులో, టెంకాయ నీళ్లలో ఉంటుందని తెలుసుకున్నాను. కలికిరి సంత నుంచి ఒక అరటి గెల, పన్నెండు టెంకాయలు తెప్పించి పుంగనూరు బస్సులో వేశాను. గీతను రోజూ తినమను.

చూపులకు రాలేను. కాళ్లు నొప్పి.

ఒక మాట రాద్దామని ఈ కాగితం తీసుకున్నాను. అది ఇందులో రాలేదు. తర్వాత రాస్తాను.

ఉమాపతి

—

కుప్పం,
12 ఆగస్టు 2024

మామకు,

గీత ఆసుపత్రిలో ఉందని అమ్మ అత్తకు ఫోన్‌లో చెప్పింది. చెప్పనివి రాస్తున్నాను.

ఆరో తేదీ మధ్యాహ్నం భీమరావు సారు పరీక్షల తేదీ ఖాయం చేశారు. ఆ మాట చెప్పడానికి నేనే గీతకు ఫోన్ చేశాను. అది పడుకుని ఉంది. ఫోన్ చెవి పక్కనే ఉంది. పూర్తిగా మోగింది. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను.

అమ్మ వచ్చి చూసి తాళంచెవుల గుత్తి తెచ్చింది. వేళ్లు మూసి పట్టుకుని కూర్చుంది. లేస్తుంది, లేస్తుంది అనుకుంటూ కూర్చుంది. ఎంతసేపని అడిగితే చెప్పలేకపోతోంది. పక్కింటి ఆటో సిద్దప్ప ఏదో పనిమీద వచ్చి చూసి, "ఏమ్మా, ఊపిరాడతాండాదా సూసినావా?" అని అరిచి, భుజానేసుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఆసుపత్రిలో గుండెకు కరెంటు పెట్టి కొట్టించారు. అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చారు. మూడు రోజులు కళ్లు తెరవలేదు.

ఇప్పుడు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. చిన్నప్పటివన్నీ గుర్తున్నాయి. కానీ "ఈడికెప్పుడొచ్చినాము అక్కా?" అని అడుగుతుంది. చెబుతాను. పది నిమిషాలకు మళ్లీ అదే అడుగుతుంది. మెదడుకు రక్తం అందని ఆ కొన్ని నిమిషాల్లో, కొత్తవి దాచుకునే చోటు దెబ్బతిందంటున్నారు.

గెలలో పండ్లు మగ్గుతున్నాయి. గీతకు పొటాషియం తక్కువ కాలేదు మామా. లోపల కావలసినంత ఉంది. బయటికి పోయే దారే సరిగా తెరుచుకోలేదు.

రోజూ రాత్రి మీ జులై ఉత్తరం తీసి చదువుతున్నాను. "ఇనుము తగిలితే నిమిషంలో లేస్తుంది" అని రాశారు. లేస్తుందంటారు అని రాయలేదు. నిమిషంలో అని మీకు ఎలా తెలుసు మామా? ఎవరిని చూశారు?

నీలిమ

—

మదనపల్లె,
15 ఆగస్టు 2024

అమ్మా నీలిమా,

ఆదిలక్ష్మికి జ్వరం రాలేదు.

నీ ఉత్తరం మీ అత్తే కవరు చించి చదివింది. చదివి నా ముందు పెట్టి, "నువ్వు రాస్తావా, నన్ను కుప్పం బస్సెక్కమంటావా?" అంది. పద్దెనిమిదేళ్లుగా ఆమె నా మాట దాటలేదు. నిన్న దాటింది.

అప్పుడు మేము పంపుహౌసు పక్క క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మోటారు ఆగిపోతే పెద్ద గంట మోగేది. గంట మా గోడకు అవతలే ఉండేది. పాత పుస్తకం తీశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీ సారుకు చూపించు.

"2006 జనవరి 19. మధ్యాహ్నం రెండున్నర. మోటారు ఆగింది, గంట. ఆది నిద్రలో నుంచి లేచి పడింది. వాల్వు కడ్డీ పట్టించాము. లేచింది."

"2006 ఏప్రిల్ 2. సాయంత్రం నాలుగు. గంట. ఆది పడింది. కడ్డీ. లేచింది."

"2006 సెప్టెంబర్ 11. ఉదయం ఆరు. గంట. ఆది." దాని తర్వాత అదే వరుసలో, "నీరుగట్టువారిపల్లెకు నీళ్లు వదలలేదు" అని ఉంది.

వాల్వులు తిప్పే నా ఇనుప కడ్డీ వాకిట్లోనే ఉండేది. దాన్ని ఆది చేతిలో పెట్టి వేళ్లు మూసేవాణ్ని. రెండుసార్లు లేచింది. ఆ వణుకు దానంతటదే ఆగిందని ఇప్పుడు నువ్వు రాస్తే తెలిసింది. అప్పుడు ఇనుమే లేపిందనుకున్నాను. లేపుతోందని నమ్మాను కాబట్టి ఏ డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. మూడోసారి చేయి చల్లబడేదాకా పట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మ కూర్చున్నట్టే.

జ్వరమని ఎందుకు చెప్పానో కూడా రాయాలి. ఆ ఉదయం ఇంటికి వచ్చినవాళ్లలో ఒకాయన, "మూర్ఛా? అయితే మీ చెల్లెలికి కూడా ఆడపిల్ల ఉండాది కదప్పా, మళ్లీ కడుపుతో ఉండాది, బయటికి అనొద్దు" అన్నాడు. నేను ఆలోచించలేదు. జ్వరం అన్నాను. అన్న తర్వాత అదే నిలిచింది. నీ కోసం, అప్పటికి పుట్టని గీత కోసం అన్నాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే దాచలేకపోతుందని అనుకున్నాను. పుంగనూరు రాకపోవడానికి కారణం ఇదే. మీ అమ్మ ముఖం చూస్తే నోరు జారుతుందని భయం.

నువ్వు జులైలో అడిగినప్పుడు పెళ్లివారి కోసం అనుకున్నాను. ఇది సాకుగా రాయడం లేదు. డాక్టరు కోసమని నువ్వు రాసిన తర్వాత కూడా తొమ్మిది రోజులు ఊరుకున్నాను, ఆ తర్వాత అరటి గెల పంపాను. ఆ కాగితం మీద రాయవలసిన మాట ఇదే.

శనివారం కుప్పం వస్తాను. నాకు తీయవలసిన పరీక్షలన్నీ తీయండి. మీ సారు అడిగినవాటికి నా నోటితో జవాబు చెబుతాను. నువ్వు నాతో మాట్లాడనక్కర లేదు.

ఉమాపతి

—

కుప్పం,
20 సెప్టెంబర్ 2024

మామకు,

మీరు వచ్చిన రోజు నేను ల్యాబులోనే ఉన్నాను. బయటికి రాలేదు. మీ చేత సంతకం పెట్టించింది చాందిని, నాతో పనిచేసే అమ్మాయి. "మీ మామ అడక్కముందే అన్నీ చెప్పేసినాడక్కా, నాకే తలెత్తబుద్ధి కాలేదు" అంది.

రక్త పరీక్షల ఫలితం వచ్చింది. గీతకు ఉంది. అమ్మకు ఉంది. మీకు ఉంది. నాకు లేదు. మీకూ అమ్మకూ ఇద్దరికీ ఉందంటే తాతదో అవ్వదో అయి ఉండాలి. ఒక్కో దారి నాలుగు ముక్కలు కలిస్తే ఏర్పడుతుంది. కణం సగం ముక్కలను తల్లి ఇచ్చినదాని ప్రకారం, సగం తండ్రి ఇచ్చినదాని ప్రకారం చేస్తుంది. మన ఇంటి మార్పు ఎలాంటిదంటే, నాలుగింటిలో ఒక్క ముక్క చెడ్డదైనా ఆ తలుపు సరిగా పనిచేయదు. లెక్క వేస్తే పదహారు దారుల్లో ఒక్కటే పూర్తిగా మంచిది. అయినా అందరూ పడరు. మీకు అరవైమూడేళ్లు, ఏళ్ల తరబడి ఆ గంట పక్కనే బతికారు, ఒక్కసారీ పడలేదు. ఎందుకో సారుకు కూడా తెలియదు. ముగ్గురూ రోజూ మాత్ర వేసుకోవాలి. ఒక్క రోజు కూడా మానకూడదు.

మీరు జులైలో అడిగినదానికి జవాబు బాకీ ఉంది. పొటాషియం ఎప్పుడూ నీటిని ఒంటికి చుట్టుకుని తిరుగుతుంది. ఆ ఇరుకులో దూరాలంటే నీటిని విడవాలి. దారి గోడకు ఆక్సిజన్ పరమాణువులు, చుట్టూ నీరు పట్టుకున్నంత దూరంలోనే, వరుసగా ఉంటాయి. నీరు వదిలినా పట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి పొటాషియం ధైర్యంగా వదిలేసి దూరుతుంది. సోడియం చిన్నది. ఆ గోడలు దానికి అందవు. పట్టుకునేది ఏదీ లేక నీటిని వదలదు, బయటే ఆగిపోతుంది. జల్లెడ లెక్క అందుకే పనిచేయదు.

గీతను బెంగళూరు తీసుకుపోయి ఛాతీలో చిన్న యంత్రం పెట్టించాము. గుండె మళ్లీ వణికితే అదే కొట్టి నిలబెడుతుంది. ప్రాణానికి భయం లేదు. జ్ఞాపకం సంగతి ఏడాదిదాకా చెప్పలేమన్నారు. పొద్దున చెప్పింది ఇప్పుడు సాయంత్రందాకా ఉంటోంది. నిద్రపోయి లేస్తే ఉండదు.

పెద్దతిప్పసముద్రం వాళ్లకు నేనే అన్నీ చెప్పాను. మళ్లీ రాలేదు. దానికి నేనేమీ బాధపడలేదు, మీరూ పడకండి.

"మా అన్న మన కోసరమే దాసినాడు, నేనైనా అదే చేసుందును, ఆయన్నేమీ అనొద్దు" అని అమ్మ అంటోంది. నేను అనకుండా ఉండలేను. మీరు జులై 13న మూడు తేదీలు రాసి ఉంటే ఆ వారమే మందు మారేది. గీత పడేలోగా ఇరవై రోజులుండేవి మామా. ఫోన్ చేసింది నేను, అది కూడా మరచిపోవడం లేదు. తాళంచెవులకు సరేనన్నది నేను. అవి నావి. ఆ ఇరవై రోజులు మీవి. కోపం పోతే రాస్తాను. ఇంకా పోలేదు.

అమ్మ బడిలో వంట పనికి మళ్లీ వెళ్లాలి. గీతను ఒంటరిగా వదలలేము. అత్త కొన్నాళ్లు పుంగనూరు వచ్చి ఉండగలదా? మిమ్మల్ని అడగడం లేదు. అత్తను అడుగుతున్నాను.

నీలిమ

—

పుంగనూరు,
11 నవంబర్ 2024

అమ్మా నీలిమా,

నువ్వు అడగకపోయినా మీ అత్తతో పాటు నేనూ వచ్చాను. వచ్చి ఆరు వారాలయింది. నువ్వు ఆదివారాలు వచ్చినప్పుడు నేను సిద్దప్ప ఇంట్లో కూర్చుంటున్నాను. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

కుక్కర్ అటక మీద పెట్టాము. అన్నం గిన్నెలోనే వండుతున్నారు. తలుపు గంట తీసేశాను. ఫోన్లన్నీ శబ్దం లేకుండా పెట్టాము. మాత్రలు గీతా నేనూ ఒకేసారి వేసుకుంటాము. గీత నాకు గుర్తుచేస్తుంది. అది మాత్రం దానికి అలవాటుగా పట్టుబడింది.

పగలు మీ అమ్మ బడికి పోయాక గీత ముందు గదిలో మంచం మీద కూర్చుంటుంది. ఎదురుగా గోడమీద ఆది ఫోటో ఉంది. ఉదయం పది గంటల ప్రాంతంలో దాని చూపు అక్కడ పడుతుంది. "మామా, ఆదిలక్ష్మొదిన జరమొచ్చి పోయింది కదా?" అంటుంది. పడకముందు విన్నమాట అదే. అదే మిగిలింది.

మొదటి రోజు మీ అత్త వంటింటి గడపలో నిలబడి నా వైపు చూసింది. ఊఁ అంటే సరిపోయేది. సాయంత్రానికో మరునాటికో పోయే మాటే కదా. "లేదమ్మా" అన్నాను. గంట, కడ్డీ, మూడు తేదీలు, నేను చెప్పిన అబద్ధం, నువ్వు అడగడం, నేను మళ్లీ అబద్ధం రాయడం, అన్నీ చెప్పాను. అది విని, "యాల మామా? చెప్పుంటే నాకిట్లయ్యేది కాదు కదా" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మరునాడు లేచి నవ్వుతూ వచ్చి కాఫీ ఇచ్చింది. పది గంటలకు మళ్లీ అడిగింది.

అప్పటి నుంచి రోజూ చెబుతున్నాను. ఒక రోజు ఏడుస్తుంది. ఒక రోజు తిడుతుంది. "ముసిలోడా, లేచి మీ ఊరికి పో" అని ఒకనాడు అంది. లేచి వాకిట్లో కూర్చున్నాను. ఒక రోజు నా చేయి తీసుకుని, "నువ్వు ఎంత భయపడినావో" అంది. ఆ రోజు తట్టుకోవడమే కష్టమైంది. రేపటికి ఏది మిగలదో నాకు తెలుసు, దానికి తెలియదు. ఒక్క మాట కూడా తగ్గించి చెప్పడం లేదు. వాక్యాలు నోటికి వచ్చేశాయి, అయినా సులువు కాలేదు.

"రోజూ యాల పిల్లను ఏడిపిస్తావు, ఫోటో తీసేస్తే సరిపోతుంది కదా" అని మీ అత్త అడిగింది. వద్దన్నాను. డాక్టరు ఏడాది అన్నాడని రాశావు. గీతకు బాగైతే, ఒక ఉదయం ఫోటో చూసి కూడా అడగదు. నిన్న చెప్పింది గుర్తుంటుంది. ఇక ఎప్పటికీ ఉంటుంది. ఆ రోజు రావాలనే కోరుకుంటున్నాను. దాని ముఖం ఆ రోజు ఎలా ఉంటుందో ఊహించలేకపోతున్నాను.

నీకు కోపం పోయిందా అని అడగడానికి ఇది రాయలేదు. ఇక్కడ ఏమి జరుగుతోందో నీకు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

పది కావస్తోంది. గీత మంచం మీద కూర్చుంది. జడ వేసుకుంటూ గోడ వైపు చూస్తోంది. ఉత్తరం ఆపుతున్నాను.

ఉమాపతి